పసుపు ఊళ్ళో రాధామనోహరం

ఆర్మూరు అనగానే పసుపు గుర్తుకు వస్తుంది. రావలసిందే. 2019 లోక్‌సభ ఎన్నికలలో, పసుపుకు గిట్టుబాటు ధర లేదని ఈ జిల్లా రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. 2025 సంక్రాంతినాడు జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది, దాని కేంద్ర కార్యాలయం నిజామాబాదులోనే. కాని బస్సు దిగిన కొత్తవారికి మొదట కనబడేది పసుపు కాదు, రాళ్ళు. ఎవరో తీరికగా కూర్చుని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండల గుట్టమీద నవనాథ సిద్ధేశ్వరుడు వెలిశాడు. ఆ గుట్ట పగలంతా ఎండ తాగి, పొద్దుగూకిన తరువాత ఊరిమీదికి వదులుతుంది. అందుకే కాబోలు, నేను తిరిగిన వీధులలో వాకిట ఒక తీగైనా లేని ఇల్లు అరుదుగా కనిపించింది.

సన్నజాజి ఉంది, శంఖుపూలు ఉన్నాయి, ప్రహరీలమీద కాగితంపూలు విరగబూస్తున్నాయి. ఈ కాగితంపూలకు నీళ్ళు ఎంత పోస్తే అంత ఆకు, ఎంత మాడ్చితే అంత పువ్వు. కొందరు మనుషులూ అంతే అనుకోండి. అన్నిటిలోకీ గడుసుది రాధామనోహరం. సాయంకాలం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబిరంగు తిరిగి, ఆపైన ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ చూడవచ్చు. సన్నని పొడుగాటి గొట్టంలో తేనె దాచి, రాత్రివేళ తిరిగే పొడుగు నాలుక చిమ్మటలను తెల్లరంగుతో, పరిమళంతో పిలుస్తుంది. మొదట పొదలా ఒద్దికగా ఉండి తరువాత తీగై పరుగెత్తడం చూసి, పదిహేడవ శతాబ్దంలో రంఫియస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ‘క్విస్‌క్వాలిస్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘ఎవరు? ఎలాంటిది?’ అని అర్థమట!

ఆ ప్రశ్న మా చిన్నక్క అత్తవారింట ఏడాదిగా నలుగుతోంది. అక్క, కూతురు పుట్టిన సంవత్సరం నాటిన తీగ అది. వెదురు పందిరిని కూలదోసి, చూరు పట్టుకుని, పెంకులకిందికి దూరింది. ఆకు రాలినా కాడ మొదలు రాలదు, గట్టిపడి ముల్లులా నిలుస్తుంది. ఆ కొక్కెంతోనే పైకి పాకుతుంది. వానాకాలంలో పెంకు లేచినచోట కారి, గదిలో దాచిన పసుపు బస్తా ఒకటి బూజుపట్టింది.

పసుపు జూన్‌లో వేస్తే జనవరి మొదలుకొని తవ్వుతారు. కొమ్ములు ఉడకబెట్టి పది పదిహేను రోజులు మంచి ఎండలో ఆరబోయాలి. అమ్మకపు సరుకు కళ్ళంలో ఆరుతుంది. ఇంటికీ చుట్టాలకూ ఉంచుకునేది వాకిట్లో ఆరాలి. ఆ వాకిలి నిండా ఇప్పుడు తీగ నీడ.

“నీడకు పసుపు ఆరుతదా బిడ్డా? మీ అక్కకు పూలు గావాలె, నాకు ఎండ గావాలె. వేర్లతోటి తీసేయుమన్నా” అన్నారు అత్తమ్మ నాతో. అక్క మాట్లాడలేదు. పాప పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. బావగారు పత్రికలోనుంచి తల ఎత్తలేదు.

పొలంనుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తీగ చుట్టూ తిరిగి చూసి తేల్చారు. ఇది కొత్త చిగురుమీద పూసేది. చలికాలంలో నరికితే పువ్వుకు నష్టం లేదు. పసుపు ఆరే రోజులకు వాకిలి ఖాళీ, ఎండలు ముదిరేసరికి మళ్ళీ నీడ. వేర్లతో తీయడం అనుకున్నంత సులువూ కాదు, మిగిలిన వేరునుంచి పిలకలు లేస్తూనే ఉంటాయి.

సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు కత్తి పట్టారు. లావైన కాండాలు నాలుగు ఉంచి, నడుమెత్తున నరికేశారు. మొదట్లో లేచిన పిలకలన్నీ తీసేశారు. వెదురుకు బదులు రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగ లాగి, పందిరిని చూరుకు రెండు మూరల ఎడంగా జరిపారు. ఇదే అసలు కిటుకని నా అభిప్రాయం: తీగకు ఇల్లు అందకూడదు. కొత్త కొమ్మలను పాతచీర పీలికలతో వదులుగా కట్టాలి, పురికొస కోసుకుపోతుంది. బతుకమ్మ పండుగవరకు నెలకొకసారి చివళ్ళు తుంచుతూ ఉండాలి. యూరియా జోలికి పోకూడదు. పోతే ఆకే తప్ప పువ్వు చూడలేరు. మీ ఇంట గులాబిరంగు గుత్తుల మెక్సికో తీగ ఉంటే మాత్రం మరింత జాగ్రత్త. పసుపులాగే దానికీ నేలలో దుంపలుంటాయి, పైన ఎంత కోసినా అవి ఊరుకోవు.

నరికిన తీగ బండెడు అయింది. మొండి కాండాలను చూసి పాప ఏడ్చింది. అత్తమ్మ లోపలికి వెళ్ళి చిటికెడు పసుపు నీళ్ళలో కలిపి తెచ్చి, కోసినచోటల్లా తామే పూశారు. అక్క నావైపు చూసి నవ్వు దాచుకుంది.

ఆ ఏడు పసుపు బాగా ఆరింది. వేసవిలో అక్క ఫోను చేసి, మొదటి గుత్తి పూసిందనీ, పక్కింటివారు పిలక అడిగితే అత్తమ్మ ఇచ్చారనీ చెప్పింది. ఇచ్చేముందు వారి పందిరి గుంజలు రాతివో, వెదురువో చూసివచ్చారట.