పీస్ లిల్లీ, అత్తయ్య చెంబు

పీస్ లిల్లీ ఆకు కాస్త పసుపెక్కితే చాలు, మనలో చాలామంది ఎరువు డబ్బా కోసమో, పురుగుమందు కోసమో వెతుకుతాం. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదండీ. ముందు ఆకును సరిగ్గా చూడాలి.

మా ఇంట్లో ఉన్నది మామయ్యగారు పోయే ముందు ఏడాది తెచ్చిన మొక్క. ఆయన పోయాక దాని పని అత్తయ్య తీసుకున్నారు. పొద్దున కాఫీ కాగానే, ఆర్వో మిషన్ వదిలేసిన నీళ్లు బకెట్లోంచి ముంచి చెంబెడు పోసేవారు. వానాకాలం వచ్చేసరికి కింది ఆకులు వరసగా పసుపెక్కాయి, పైవాటి కొనలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి. ఆకులు వాలిపోయాయని సాయంత్రం ఇంకో చెంబు. "ఇది కూడా ఆయన దగ్గరికే పోతోందేమోనమ్మా" అన్నారు ఒకరోజు. ఇక చూస్తూ ఊరుకోలేకపోయాను.

అడుగున ఒకటీ అరా ఆకు పండితే అది వయసు, కోసేస్తే చాలు. నాలుగైదు ఒకేసారి పసుపెక్కి, మట్టి తడితడిగా ఉంటే నీళ్లెక్కువైనట్టు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము అందట్లేదేమో చూడాలి. నేరుగా ఎండ పడితే ఆకు వెలిసిపోయి మాడుతుంది. అమెరికా ఖండపు వానడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి మరి! కొనలు మాత్రమే మాడితే నీళ్లలోని లవణాలు, ఎక్కువైన ఎరువు, లేదా పొడిగాలి. తెల్లపువ్వు కొన్ని వారాలకి పచ్చబడితే మాత్రం కంగారు పడకండి. మనం రేకు అనుకునేది నిజానికి ఆకే, అసలు పూలు మధ్యలో ఉన్న కంకి మీద ఉంటాయి.

అసలు చిక్కు వాలిపోవడంతోనే. దాహమేసినా వాలుతుంది, నీళ్లెక్కువై వేళ్లు కుళ్లినా వాలుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కదా! పాపం అత్తయ్య అది దాహమే అనుకున్నారు. పైగా ఆర్వో వదిలేసే నీళ్లలో వడపోతలో మిగిలిన లవణాలు చిక్కబడి ఉంటాయి. బాత్రూము కడగడానికి వాడుకోవచ్చు గానీ కుండీ మొక్కకి రోజూ పోసేవి కావు.

ఆదివారం పాత పేపర్లు పరిచి మొక్కని కుండీలోంచి తీశాం. మంచి వేళ్లు తెల్లగా గట్టిగా ఉన్నాయి. కుళ్లినవి నల్లగా, మెత్తగా, పట్టుకుంటే తొక్క ఊడొచ్చేలా ఉండి మురుగువాసన కొట్టాయి. దాదాపు సగం అలాంటివే. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి అత్తయ్య చేతికే ఇచ్చాను. కోకోపీట్, ఇసుక, కాస్త వర్మీకంపోస్టు కలిపి, అడుగున చిల్లులున్న చిన్న కుండీలో మళ్లీ నాటాం. పసుపెక్కిన ఆకులు మొదలంటా కోసేశాం, అవి మళ్లీ పచ్చబడవు. ఇది చేమ కుటుంబపు మొక్క, రసం తగిలితే కొందరికి దురద. పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లలో నోటికి అందకుండా పెట్టుకోవాలి.

ఇదంతా తేలికే. "రోజూ నీళ్లు పొయ్యకండి అత్తయ్యా" అనడమే నాకు చేతకాలేదు. ఆ చెంబు పట్టుకుని నిలబడినప్పుడే ఆవిడ మామయ్యగారితో నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. వంటింట్లోకి వినిపిస్తుంటుంది. అందుకని పని మానమనకుండా మార్చాను. పొద్దున్నే కుండీలో వేలు పెట్టి చూడాలి. అంగుళం లోతు దాకా పొడిగా ఉంటేనే తాగే నీళ్లు, అడుగున కారేదాకా. పళ్లెంలో దిగిన నీళ్లు పారబొయ్యాలి. తడి ఉన్న రోజు మెత్తటి గుడ్డ తడిపి ఆకులు తుడవాలి. తుడవడానికి చెంబు నీళ్లు పొయ్యడం కంటే ఎక్కువసేపే పడుతుంది. కబుర్లూ పెరిగాయి.

కొత్త ఎరువేమీ వెయ్యలేదు. ఆరు వారాలకి మొదట్లో చుట్టచుట్టుకున్న లేతాకు ఒకటి లేచింది. ముందు చూసింది అత్తయ్యే. "నీళ్లు పొయ్యనా?" అని కేకేసి, నేను వచ్చేలోపే వేలు పెట్టి చూసి, గుడ్డ కోసం వెళ్లారు.