కుంపటి గడప దాటరాదు

రియాద్‌లో చలికాలం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎడారి బాట పడుతుంది. మేమూ ఆరేళ్ళపాటు గుడారం కారు మీద కట్టుకుని ఊరికి ఉత్తరాన ఉన్న తుమామా ఇసుక దిబ్బలకు వెళ్ళేవాళ్ళం. పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, నెత్తిన నక్షత్రాలు – ఇంకేం కావాలి?

పోయిన జనవరిలో ఒక రాత్రి ఎముకలు కొరికే చలి. పిల్లలు వణుకుతున్నారని బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చి, గుడారం జిప్పు బిగించాం. అర్ధరాత్రి అమ్మాయి "తల పగిలిపోతోంది" అంటూ లేచి వాంతి చేసుకుంది. మాకూ తల దిమ్ముగానే ఉంది. అప్పుడు గాని తట్టలేదు – కార్బన్ మోనాక్సైడ్! రంగు, వాసన లేని ఆ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పిల్లల్ని బయటికి లాగి, ఆస్పత్రికి పరుగెత్తి, అందరం ఆక్సిజన్ పెట్టించుకున్నాం. ఏటా ఇలాంటి రోగుల్ని చూసి "ఆ మాత్రం తెలియదా?" అని విసుక్కున్న మా డాక్టరు చదువు ఆ రాత్రి ఏ మూల నిద్రపోయిందో!

ఈ ఏడు పాత కారవాను ఒకటి కొన్నాం. పడకలున్నాయి, తలుపుంది. మొదటి రాత్రే అబ్బాయి "ఇందులో నక్షత్రాలు లేవు" అని ముఖం ముడుచుకున్నాడు. నిజమే. పైగా గుడ్డ గోడకన్నా రేకు గోడ గాలిని ఇంకా బిగిస్తుంది. అందుకే కిటికీ కొంచెం తెరిచే ఉంచుతాం. పడకల దగ్గర ఆ వాయువును పసిగట్టి మోగే అలారం పెట్టాం. భోజనాలు మాత్రం బయట చాప మీదే, నక్షత్రాల కిందే.

గుడారమైనా, బండి అయినా, కుంపటిని లోపలికి రానివ్వకండి. పిల్లలకు ఇంకో దుప్పటి కప్పండి.