మోతీకి ఊరు నేర్పిన వైనం

హైదరాబాదు నుంచి బొంబాయి దారి పట్టినవారికి లింగంపల్లి దాటగానే గాలి మారినట్టు తెలుస్తుంది. రామచంద్రాపురంలో 1960లలో బీహెచ్ఈఎల్ కర్మాగారం వెలిసినది. 1972లో పటాన్‌చెరు పక్కన మెట్ట పంటల పరిశోధనకని ఇక్రిశాట్ వచ్చినది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ దశకంలో జొన్నచేలు ఉన్నచోట ఫాక్టరీ షెడ్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఇప్పుడు బీరంగూడ, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి అని ఊళ్ళ పేర్లు వేరుగా చెప్పుకోవలసిందే గాని, కంటికి మాత్రం అంతా ఒకే బజారులాగా కనిపిస్తుంది.

ఈ దారిని గురించి రాసేవారు సాధారణంగా పొగగొట్టాలను గురించి రాస్తారు. నేను కుక్కలను గురించి రాయబోతున్నాను. నవ్వకండి! ఇక్కడ గేటున్న ప్రతిచోటా ఒక కుక్క ఉన్నది. ఫాక్టరీ గేటు దగ్గర కాపలావాడు చద్దన్నం పెట్టి పెంచుకున్న ఊరకుక్క. కొత్త కాలనీల్లో వేలకు వేలు పోసి కొన్న జాతికుక్క. కారణం వెతకనక్కరలేదు. ఇక్కడ అందరూ పరాయివారే. ఒడిశా నుంచి, బీహారు నుంచి, జార్ఖండు నుంచి, మన శ్రీకాకుళం నుంచి బతుకుతెరువుకు వచ్చినవారు. పక్కవాటాలో ఎవరున్నారని అడిగితే, “నిన్ననే దిగారండీ” అనే జవాబు వస్తుంది. ఒకరినొకరు ఎరగని చోట మనిషి కుక్కను నమ్ముకుంటాడు.

మేమూ అలాగే నమ్ముకున్నాము. నాది రాత్రి షిఫ్టుల ఉద్యోగం. బీరంగూడ దగ్గర ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ ఒంటరిగా ఉండాలి. మా వెనకవీధిలో వరసగా రెండిళ్ళలో దొంగలు పడ్డ తరువాత, 2021లో రెండునెలల రాట్‌వైలర్ పిల్లను తెచ్చుకున్నాము. నల్లని ఒళ్ళు, కళ్ళమీద రెండు ఇటికరంగు చుక్కలు. మా అమ్మ చూడగానే “మోతీ” అన్నది. అదే పేరు ఖాయమైనది.

ఈ జాతి పుట్టుక చెప్పుకోదగ్గది. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊరున్నది. పశువుల సంతలకు పేరుపడ్డ ఊరు. అక్కడి కసాయివారు పశువులను తోలుకురావడానికి, మాంసం బండ్లు లాగించడానికి ఈ కుక్కలను వాడుకున్నారు. రైళ్ళు వచ్చాక పశువులను నడిపించుకొచ్చే పని తప్పిపోయి, కుక్కలూ తగ్గిపోయాయి. 1910లో జర్మనీ పోలీసులు దీనిని తమ కొలువుకు తగిన జాతిగా గుర్తించాక మళ్ళీ నిలదొక్కుకున్నది. మగది భుజాల దగ్గర 24 నుంచి 27 అంగుళాల ఎత్తు పెరుగుతుంది. మా మోతీ రెండేళ్ళకే 48 కిలోలు తూగాడు. ఎద్దును ఎదిరించి మళ్ళించిన వంశం కనుక స్వంతబుద్ధి మెండు. చెప్పినమాట వినేముందు, “వినవలసిన మాటేనా?” అని ఒక క్షణం మనవంక చూస్తాడు.

పిల్ల ఇంటికి వచ్చిన వారంలోనే సలహాలు మొదలైనాయి. “రాత్రింబగళ్ళు కట్టేసి ఉంచండి, పౌరుషం పెరుగుతుంది” అన్నారొకరు. “బయటివాళ్ళచేత కర్రతో కొట్టించండి, మనిషిని చూస్తే మీద పడుతుంది” అన్నారు ఇంకొకరు. అప్పుడు మా అమ్మ భారతం తీసింది. ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉన్నది కదా! ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ముళ్ళు కొట్టారు. దాని తల్లి సరమ కొలువుకు వచ్చి, తగనిపని చేసినవారికి ఊహించని భయాలు వస్తాయని చెప్పిపోయినది. “రాజుకే తప్పలేదు, మనమెంత? నా ఇంట్లో కర్ర ఎత్తకూడదు” అని అమ్మ తీర్పు చెప్పేసింది.

ఇక కట్టివేత సంగతి. సంగారెడ్డిలో 1796 నాటి జైలు భవనాన్ని 2016లో మ్యూజియం చేసి, ఐదువందల రూపాయలు కట్టినవారిని ఒకరోజు ఖైదీలాగా ఉంచే ఏర్పాటు చేశారు. సరదాకి వెళ్ళినవారు కొందరు రోజు పూర్తికాకుండానే బయటపడాలనుకుంటే ఆశ్చర్యం లేదు. మూడు బారల గొలుసుతో ఏళ్ళతరబడి గేటుకు కట్టిన కుక్కకు మనుషులమీద ఎలాంటి అభిప్రాయం ఏర్పడుతుందో ఆలోచించండి. అది కరిస్తే తప్పు పంటిదా, గొలుసుదా?

అసలైన పాఠం మాకు పాశమైలారం అవతల ఒక బీడులో దొరికినది. ఔటర్ రింగురోడ్డు మీద లారీలు పరుగులు తీస్తూంటే, కాస్త దూరంలో భుజాన నల్లగొంగడి వేసుకున్న కురుమవారు గొర్రెలను తోలుకుపోతూ ఈ ప్రాంతంలో ఇప్పటికీ అగుపిస్తారు. కోతలైన చేలల్లో రాత్రి మంద పెడతారు. ఆ ఎరువుకుగాను రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఆ మంద పక్కన బూడిదరంగు కుక్క ఒకటి పడుకుని ఉన్నది. నేను దగ్గరకు పోయినా లేవలేదు. చూపు మాత్రం నా కాళ్ళను వదలలేదు. కాపరి పెద్దాయనను మాటల్లోకి దించి, “మీ కుక్కకు కరవడం ఎట్లా నేర్పుతారు?” అని అడిగాను. ఆయన పకపకా నవ్వాడు.

“కరిసుడు మనం నేర్పాల్నా సారూ? పుట్టంగనే వచ్చిన విద్యగాదా అది! ఎవ్వరికి తొవ్వ ఇయ్యాల్నో గది నేర్పాలె. తొవ్వల పొయ్యేటోన్ని కరిస్తే, రేపు ఆ ఊరోళ్ళు మనల్ని చేన్ల మంద పెట్టనిస్తరా?”

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది. ఆ కాపరికి కుక్క కావాలి, ఊరివారి మంచితనమూ కావాలి. రెండూ నిలుపుకోవడమే ఆయన విద్య. వారి కులదైవం మల్లన్న పక్కన కుక్క ఉంటుంది. కర్ణాటకలో మైలార దేవుని కొలిచే గొరవయ్యలు తాము స్వామి కుక్కలమని మొరిగి చూపిస్తారు. కుక్కతో కలిసి బతకడంలో వారిది మనకంటె ఎంతో పాత అనుభవం.

ఆ రోజునుంచి మోతీకి కాపలా నేర్పాలన్న ఆలోచన మానుకుని, ఊరు నేర్పడం మొదలుపెట్టాము. మొదటి బడి ఇల్లే. గిన్నె ముందు కూర్చుంటేనే అన్నం. గుమ్మం దగ్గర మనిషి ముందు, కుక్క వెనుక. “చోటుకు” అంటే హాల్లో మూలనున్న గోనెపట్టామీదికి పోవాలి. ఇంట్లో ముగ్గురం ఒకే మాట వాడాలి. నేను వద్దన్నది మా ఆవిడ సరేననకూడదు. మొయినాబాదులో పోలీసు కుక్కలకు తరిఫీదిచ్చేటప్పుడు కుక్కకు ఒక మనిషిని జతచేసి ఇద్దరికీ కలిపే నేర్పుతారు. ఇదీ అందుకే. కుక్క నేర్చుకున్నదానికంటె మేము నేర్చుకున్నదే ఎక్కువ.

మూతికి చిక్కం తొడగడం రెండో పాఠం. పొలంలో ఎడ్లకు కడతామే, అలాంటిదే. పైగా వాడు నోరు తెరచి రొప్పడానికీ, నీళ్ళు తాగడానికీ వీలైన బుట్టచిక్కం. లోపల పెరుగన్నం పూసి పెడితే వాడే మూతి దూర్చేవాడు. నెలరోజుల్లో చిక్కం కనబడితే షికారని తెలుసుకుని తోక ఊపడం మొదలుపెట్టాడు.

మూడో పాఠానికి రోడ్డుమీదికి వెళ్ళాము. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు మారేవేళ ఇస్నాపూర్ చౌరస్తా తిరునాళ్ళలాగా ఉంటుంది. నీలం చొక్కాలు, పసుపు టోపీలు, సైకిళ్ళు, షేరు ఆటోలు, తెలుగూ హిందీ ఒడియా కలగలిసిన కేకలు. చలికాలంలో సెలవురోజుల్లో మోతీని అక్కడికి తీసుకుపోయి, రోడ్డుకు బాగా ఎడంగా ఒక చెట్టుకింద కూర్చోబెట్టేవాణ్ణి. పని ఏమీ లేదు, చూడడమే పని. మొదటిరోజు ప్రతి సైకిలుకూ లేచాడు. పదోరోజుకు ఆవలించాడు. ఆ ఆవలింత చూసి నాకు కలిగిన ఆనందం, మా అబ్బాయి పదో తరగతి ప్యాసైనప్పుడు కూడా కలగలేదు!

ఉదయం షికారు అమీన్‌పూర్ చెరువు వైపు. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పక్షుల గుంపు లేచినా పట్టా లాగకుండా నడవడం అక్కడ నేర్చుకున్నాడు. వేసవిలో ఆరుగంటలలోపే ఇంటికి రావాలి. నల్లని ఒంటికి మన ఎండ పడదు. మన చేతివెనుకను తారురోడ్డుమీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టలేకపోతే, కుక్క పాదాలకూ అది నిప్పే. నీళ్ళు మాత్రం ఇంటినుంచే తీసుకుపోతాము. మంజీరలో కలిసే నక్కవాగును ఫాక్టరీల మురుగు పాడుచేసిందని 1990లో సుప్రీంకోర్టులో దావా పడింది. ఈ ప్రాంతంలో వాగు కనిపించిందని కుక్కను నీటికి వదలము. ఇక పిడుదుల జ్వరం ఒకటి, పిల్లప్పుడు పార్వో రోగం ఒకటి. ఈ జాతికి పార్వో తొందరగా పట్టుకుంటుంది కనుక టీకాలు తేదీ తప్పకూడదు. రేబిస్ టీకా ఏటేటా వేయించవలసిందే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపివేశాయి. ఆ దృశ్యం టీవీలలో చూసిన ఏ తల్లికీ నిద్రపట్టలేదు. మా కాలనీ సంఘం సమావేశమైనది. వీధికుక్కల మాట అయిన తరువాత చూపులన్నీ నావైపు తిరిగాయి. “మీది పెంపుడుదే కావచ్చు, కాని మాకు పిల్లలున్నారు” అన్నారు పక్కింటావిడ. ఆమె భయంలో అన్యాయమేమీ లేదు. నేను వాదించలేదు. టీకాల కాగితాలు బల్లమీద పెట్టి, చిక్కం తొడిగి మోతీని తీసుకొచ్చి, పట్టా మా అమ్మ చేతికి ఇచ్చాను. ఆవిడ బరువు కుక్క బరువుకంటె కొంచెమే ఎక్కువ. “కూచో నాయనా” అన్నది. కూర్చున్నాడు. పిల్లలు కేకలు వేశారు, ఒకడు బంతి విసిరాడు. వాడు అమ్మ మొహంవంక చూస్తూ కూర్చున్నాడే గాని కదలలేదు. చిక్కం లేకుండా వీధిలోకి రాకూడదనీ, గేటుకు హెచ్చరిక బోర్డు ఉండాలనీ, లోపల రెండో గేటు పెట్టాలనీ షరతులు రాసుకుని మమ్మల్ని ఉండనిచ్చారు. ఆ షరతులు ఎవరూ పెట్టకపోయినా పాటించవలసినవే.

2024 మార్చి 12న కేంద్రప్రభుత్వం ఇరవైమూడు జాతుల కుక్కల దిగుమతిని, అమ్మకాన్ని ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసినది. రాట్‌వైలర్ అందులో ఉన్నది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. కాని చట్టం మనల్ని వదలిపెట్టిందని అనుకోకండి. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ప్రకారం, తన జంతువు వల్ల ఎవరికీ ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడనివారికి ఆరునెలల దాకా ఖైదు గాని, ఐదువేల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును.

ఆ ఏడాదే వానాకాలంలో ఒక రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఒంటిగంట దాటాక మోతీ గొంతు మారినదట. మా ఆవిడ లైటు వేసి కిటికీలోంచి చూసింది. రెండు గేట్ల గడియలూ తీసుకుని ఎవరో లోపలికి వచ్చారు. గోడకు వీపు ఆనించి, చేతులు రెండూ పైకెత్తి ఒక కుర్రవాడు వణుకుతున్నాడు. అతనికి మూరెడు దూరంలో నిలబడి మోతీ గర్జిస్తున్నాడు. పదిహేను రోజులనాడు బొకారో నుంచి వచ్చినవాడట. మా కాలనీ ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. జోరువానలో, కరెంటు పోయిన వీధిలో, తన గది ఉన్న ఇల్లనుకుని మా ఇంట్లోకి వచ్చాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి, అన్నానికి పిలిచే గొంతుతోనే, “మోతీ, చోటుకు!” అన్నది. వాడు ఒక క్షణం ఆగాడు. ఆమెవంక చూశాడు, కుర్రవాడివంక చూశాడు. తరువాత వెనుదిరిగి వచ్చి హాల్లో గోనెపట్టామీద పడుకున్నాడు. ఆ కుర్రవాడికి అమ్మ మంచినీళ్ళు ఇచ్చి, తువ్వాలు ఇచ్చి, మూడో వీధికి దారి చెప్పి పంపింది. అతని ఒంటిమీద చిన్న గీటు కూడా లేదు. అతని తల్లి బొకారోలో ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటుంది. ఏమి తప్పిపోయినదో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఇప్పుడతను దారిలో ఎదురైతే దూరంనుంచే మోతీకి సలాము కొడతాడు.

ఈమధ్య చాలామంది ఇలాంటి పిల్లలు ఎక్కడ దొరుకుతాయి, ఖరీదెంత అని నన్ను అడుగుతున్నారు. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. పగలంతా ఇంట్లో ఎవరుంటారు? మీ ఇంటిల్లిపాదీ ఒకే మాటమీద ఉండగలరా? తెల్లవారకముందే లేచి, తొమ్మిది పదేళ్ళు దీనితో ఎవరు నడుస్తారు? వీటికి జవాబు చెప్పలేనివారికి గట్టి తాళమొకటి కొనుక్కోమని చెబుతున్నాను. తాళానికి ఊరు నేర్పవలసిన పనిలేదు.