ఆమె పేరున్న ఊరు

నెదర్లాండ్స్‌లో, జర్మనీ సరిహద్దుకు దగ్గరగా, డ్రెంథ రాష్ట్రంలో క్లాజినావేన్ అనే ఊరుంది. 'వేన్' అంటే పీట్ నేల. ముందున్నది ఒక స్త్రీ పేరు. ఆమె క్లాసీన్ స్లూయిస్, బంగాళదుంపల పిండి ఫ్యాక్టరీలతో సంపన్నుడైన విలెమ్ ఆల్బర్ట్ స్కోల్టెన్ భార్య. 19వ శతాబ్దం చివర అతని పీట్ తవ్వకాల చుట్టూ పుట్టిన ఊరికి ఆమె పేరు పెట్టారు. అక్కడి కాలువకు మాత్రం అతని పేరే.

"ఊరికి ఆడమనిషి పేరు పెట్టడం గౌరవమే కదమ్మా?" అంది ఆ దేశంలో చదువుకుంటున్న మా అమ్మాయి. ఔననడానికి నాకు నోరు రాలేదు. ఆ ఊరిని నిజంగా తవ్విన ఆడవాళ్ల సంగతేమిటి?

చిత్తడి నేలలో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లక పేరుకున్న నాచు, మొక్కల పొరే పీట్. ముందు కాలువలు తవ్వి నీరు తీసేయాలి. తర్వాత ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, పడవల్లో పట్టణాలకు పంపాలి. అక్కడ పొయ్యిల్లో మండేది ఇదే. కోత మగవాళ్ల పని. తడి ఇటుకలను గాలి ఆడేలా పేర్చడం, తిప్పి మళ్లీ పేర్చడం ఆడవాళ్లు, పిల్లల పని. మట్టిగడ్డలతో కట్టిన గుడిసెలో వంట, కాన్పులు, రోగాలు అన్నీ ఆ పనితో పాటే. కూలి మాత్రం చాలాసార్లు ఇంటి మగవాడి లెక్కలోకే వెళ్లేది. ఆ కూలితో సరుకులు కొనాల్సింది యజమాని కొట్లోనో, మేస్త్రీ కొట్లోనో. తవ్వకం లేని చలికాలంలో అక్కడే అప్పు. ఈ బలవంతపు కొనుగోళ్లను 1907 నాటి కార్మిక ఒప్పంద చట్టం నిషేధించింది.

1883లో వాన్ గో కొన్ని వారాలు ఆ దగ్గర్లోనే, నీవ్-ఆమ్‌స్టర్‌డామ్ అనే పీట్ గ్రామంలో ఉన్నాడు. పీట్ నేల మీద వంగి పనిచేస్తున్న ఇద్దరు స్త్రీలను ఆ శరత్తులోనే చిత్రించాడు. ముఖాలు పోల్చుకోలేం. వాళ్ల వంగిన నడుములే మనకు తెలుస్తాయి.

మరి క్లాసీన్? ఆమెను శత్రువుగా చూడలేకపోతున్నాను. 1838 నాటి డచ్ పౌరస్మృతి ప్రకారం పెళ్లయిన స్త్రీ భర్త సమ్మతి లేకుండా భూమి కొనలేదు, అమ్మలేదు. తన పేరున్న ఊళ్లో ఒక్క గజం నేలనైనా ఆమె సొంత సంతకంతో కొనగలిగేది కాదు. ఈ చట్టబద్ధమైన అసమర్థత తొలగడానికి కోరీ టెండెలో అనే పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టాల్సి వచ్చింది. 1956లో చట్టం మారింది, 1957 జనవరి 1 నుంచి అమలైంది.

అలాగని యజమాని భార్యనీ, పీట్ పేర్చిన కూలి స్త్రీనీ ఒకే గాటన కట్టలేను. ఒకరి ఇంటికి చేరిన లాభం మరొకరి నడుము నొప్పిలోంచి వచ్చిందే. వర్గాన్ని మరిచిపోయి మనం 'స్త్రీ' అంటే ఈ తేడా కనబడదు. వర్గాన్నే చూస్తే క్లాసీన్ చెయ్యలేని సంతకం కనబడదు.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే పేరు మార్చాలంటావా?" అంది. వద్దన్నాను. ఆ పేరు ఉండాలి. ఎవరు పెట్టారో, ఎవరి పేరు పెట్టలేదో అడగడానికైనా ఉండాలి.