ధైర్యం చెప్పడం కాసేపు ఆపి

కెనడాలోని మా విన్నిపెగ్ అనగానే అందరూ చలి గురించే అడుగుతారు. కానీ చివరి రోజుల్లో ఉన్నవాళ్ల కోసం 'డిగ్నిటీ థెరపీ'కి రూపమిచ్చిన సైకియాట్రిస్టు హార్వీ చోచినోవ్ ఈ ఊరి డాక్టరే.

పద్ధతి తేలికే. రికార్డరు పెట్టి అడుగుతారు: జీవితంలో మీకు ముఖ్యమైనవేంటి, మీవాళ్లకి ఏం చెప్పాలనుంది అని. ఆ మాటల్ని కాగితం మీద పెట్టి ఆ మనిషికే చదివి వినిపిస్తారు. ఆయన దిద్దుబాట్లు చెప్పి సరేనన్నాకే అది ఇంట్లోవాళ్ల చేతికి వెళ్తుంది. 2005లో అచ్చయిన అధ్యయనంలో ఇక్కడా, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోనూ కలిపి 100 మంది రోగులు పాల్గొన్నారు. 91 శాతం మంది తృప్తిగా ఉందన్నారు.

మనమేమో మంచం పక్కన కూర్చుని "మీకేం కాదు నాన్నా, లేచి తిరుగుతారు" అంటాం. తులసి తీర్థం, విష్ణు సహస్రనామం అన్నీ సిద్ధం చేస్తాం. అవీ కావాలి, కాదనను. కానీ ఆయనకి ఎవర్ని ఓసారి చూడాలనుందో, ఎవరి మీద అలక ఇంకా పోలేదో అడగం. ధైర్యం చెప్పే హడావుడిలో ఆయన్ని నోరు విప్పనివ్వం.

అమ్మానాన్నలకి ఇంత దూరాన ఉన్న మనకి వీడియో కాలే దిక్కు. "భోంచేశారా, మందులేసుకున్నారా" అయ్యాక ఇంకో ప్రశ్న అడగండి. పెళ్లినాటి ముచ్చట్లతో మొదలెడితే మిగతావి వాళ్లే చెప్తారు.