పేరు లేని ముళ్లు

ఒక మ్యూజియంలో కుర్దు తివాచీ ముందు చాలాసేపు నిలబడిపోయాను. పక్కన చీటీ మీద ఊరి పేరుంది: బిజార్. శతాబ్దం ఉంది, కొలతలున్నాయి. నేసిన మనిషి పేరు లేదు.

పశ్చిమ ఇరాన్‌లోని ఆ ఊరి తివాచీలు గట్టిదనానికి ప్రసిద్ధి. రెండు పడుగు పోగుల చుట్టూ ఉన్ని దారం తిప్పి, రెండు కొసల్నీ ఆ పోగుల మధ్య నుంచి ముందుకు లాగి కోస్తారు. అది ఒక్క ముడి. వరస నిండాక పేక వేసి బరువైన ఇనుప దువ్వెనతో దట్టిస్తారు. కుర్దు పల్లెల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. పెద్ద తివాచీకి ఇలాంటి ముళ్లు లక్షల్లో పడతాయి.

ఎరుపు మధ్యలో ఒకచోట రంగు కాస్త వెలిసినట్టుంది. ఒక విడత అద్దిన ఉన్ని అయిపోయి ఇంకో విడతది అందుకుంటే అలా చార పడుతుంది. దాన్ని 'అబ్రాష్' అంటారు. నాకది ఆమె చేతిరాతలా కనిపించింది.

తర్వాత చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. తివాచీ పుస్తకాల్లో 'సెన్నె ముడి' అని ఒకటుంది. సెన్నె అంటే కుర్దుల పట్టణం, నేటి సనందజ్. అక్కడి నేతగత్తెలు వేసేది మాత్రం ఆ ముడి కాదు, నేను పైన చెప్పినది. వాళ్ల వేళ్లనడక్కుండానే పేరు స్థిరపడిపోయింది.

నవ్వబోయి ఆగిపోయాను. నా పీహెచ్‌డీలో దంపుళ్ల పాటల మీద ఒక అధ్యాయం రాసి, "రచయిత్రి ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నకు జడిసి తీసేశాను. పేరు దొరకకపోతే మనిషే లేదని ఒప్పేసుకున్నాను. ఆ కాగితాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. నిన్న దించాను.