రెండు బిస్కెట్ రంగులు

ఆరోగ్య శీర్షికలో గోడల రంగుల ప్రసక్తి ఏమిటని విస్తుపోకండి. సంగతి ఉంది.

ఆ మధ్య నిజామాబాదులోని మా ఇంటికి రంగులు వేయించాము. మా ఆవిడ రెండు బిస్కెట్ రంగులు ఎంచి, అమ్మ గది గోడమీద పక్కపక్కనే జానెడేసి పూయించింది. ఒకటి శనగపిండిలా పసుపు ఛాయది. రెండోది బూడిద కలిసినట్లుండేది.

"ఏది బాగుందత్తమ్మా?" అని అడిగితే, "రెండూ ఒక్కతీరే ఉన్నయి గదా బిడ్డా" అంది అమ్మ.

అందరం నవ్వాము. రాత్రి పడుకున్నాక ఆ మాటే గుర్తొచ్చింది. 1937లో స్థాపించి, 2015లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మా నాన్న ఉద్యోగం. షక్కర్‌నగర్ క్వార్టర్సులో కరెంటు పోతే, కందిలి వెలుతురులో బియ్యంలోని రాళ్లు ఏరిన మనిషి మా అమ్మ! ఆరు నెలలుగా గదిలో బల్బు మసకగా ఉందంటుంటే రెండుసార్లు బల్బు మార్చాను. గడప తట్టుకుని తూలినప్పుడు చెప్పులను తప్పుపట్టాను. డాక్టర్నై ఉండీ కళ్లు మాత్రం చూడలేదు.

మర్నాడు కంటి వైద్యుడికి చూపించాము. రెండు కళ్లలోనూ శుక్లాలు!

కంటిలోని కటకం వయసుతో మసకబారడమే శుక్లం. చాలామందిలో కటకం పసుపు రంగుకు కూడా తిరుగుతుంది. పసుపు అద్దంలోంచి చూస్తే లేత రంగుల తేడాలు తెలియవు. మధుమేహం ఉన్నవారికి ఇది ముందుగానే రావచ్చు. చుక్కల మందుతో శుక్లం కరగదు. బాగా ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలపు మాట. రోజువారీ పనులకు చూపు అడ్డొస్తుంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు.

మొదటి కన్నుకు ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు, ఎవరూ అడక్కుండానే అమ్మ గోడ ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసింది. "ఈ కంటికి ఇది పచ్చగుంది, అది బూడిద తీరుగుంది. ఆ కంటికి ఇంకా రెండూ ఒక్కటే!" అంది.

చివరకు పసుపు ఛాయదే వేయించాము. రెండింటిలో అదే లేతది కనుక గదిలో వెలుతురు ఎక్కువగా ఉంటుంది. నిగనిగలాడే రకం కళ్లకు జిగేల్మంటుందని మెరుపు లేనిది తీసుకున్నాము. గడపకూ, తలుపు చట్రానికీ ముదురు కాఫీ రంగు వేయించాము. గోడ, గడప ఒకే రంగైతే పెద్దవాళ్లకు మెట్టు ఆనదు.

రంగుల తేడా చెప్పలేని ప్రతివారికీ శుక్లమేనని కాదు. కాని ఇంట్లో పెద్దవాళ్లు "రెండూ ఒకటే" అంటే మాలాగా నవ్వి ఊరుకోకండి. ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి.